పదిహేడో ముక్క

స్టేషన్ పెద్దాయన గదిలోంచి బయటికొచ్చి డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. పదీ పది.

"మూడింటికి ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోగా ఏమైనా తేల్చగలిగితే తేల్చు. ఆ తర్వాత నా దగ్గరికి రావద్దు," అని పెద్దాయన తెగేసి చెప్పేశాడు.

స్టేషన్లో డిటెక్టివ్‌కి 'చాదస్తం' అని పేరు. అడిగిందే మూడుసార్లు అడుగుతాడు, గంటలతో పాటు నిమిషాలు కూడా రాసుకుంటాడు. ఆ పేరు తన చెవిన పడినా ఏమీ అనుకోడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అంతకంటే మంచి పేరు తెచ్చుకునే పని తనేం చేశాడు గనక?

వరండాలో దూకుడు ఎదురయ్యాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు. ఆ పేరు పెట్టిందీ స్టేషన్ వాళ్లే. ఆయన మాత్రం దాన్ని మెచ్చుకోలనే అనుకుంటున్నాడు.

"ఇంకా ఏం వెతుకుతారు సార్? కేసు ఒలిచి చేతిలో పెట్టాను కదా."

"ఇంకోసారి చెప్పు బాబూ."

"మూడుసార్లు చెప్పాను."

"నాలుగోసారి చెప్పు. నా పేరేంటో నీకు తెలుసుగా."

దూకుడు గోడకి చేరబడి వేళ్లు లెక్కపెడుతూ అప్పజెప్పాడు. చనిపోయింది పియానో మాస్టారు. డెబ్బై ఆరేళ్లు, ఒంటరి మనిషి. మొన్న సాయంత్రం తన గదిలోనే, పియానో పక్కన తల వెనక దెబ్బతో పడి ఉన్నాడు. పియానో అంచుకి రక్తం ఉంది. ప్రాణం పోయింది మూడుకీ అయిదుకీ మధ్య అని డాక్టరు చెప్పాడు. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ నాలుగూ ఇరవై దాకా పైనుంచి పియానో విన్నది. అంటే అప్పటిదాకా మాస్టారు బతికే ఉన్నాడు. నాలుగూ ఇరవై అయిదుకి ఆయన పాత శిష్యురాలు, స్కూల్లో పాటల టీచరు, మెట్లెక్కింది. నాలుగూ యాభైకి ఆవిడే పోలీసులకి ఫోన్ చేసింది.

"మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు ఏం చేశావంటే నోరు విప్పదు. అంతకు మూడ్రోజుల ముందు అదే గదిలో 'మీరు పోయేలోగా ఒక్కసారైనా' అని అరిచింది. వీధి వీధంతా విన్నది. ఇంకేం కావాలి?"

"ఒక్కసారైనా... ఏంటి?"

"ఏదైతే ఏం సార్? 'మీరు పోయేలోగా' అన్న ముక్క చాలదా?"

డిటెక్టివ్ నోట్‌బుక్కులో 'ఒక్కసారైనా ఏంటి?' అని రాసుకుని లాకప్ వైపు నడిచాడు.

పాటల టీచరుకి ముప్పై రెండేళ్లుంటాయి. రెండు రాత్రులుగా కన్ను మూసినట్టు లేదు. నాలుగింటిదాకా మూడో తరగతి పిల్లలకి పాట నేర్పి, ఇరవై అయిదు నిమిషాలు నడిచి, మాస్టారి ఇంటికి వెళ్లానంది. అది నిజమేనని డిటెక్టివ్‌కి తెలుసు. స్కూలు అటెండరు, ముప్పై నాలుగు మంది పిల్లలు సాక్ష్యం.

"మొన్న ఎందుకు వెళ్లావమ్మా?"

"పుస్తకం పని సార్. ముక్కల పుస్తకం."

"ముక్కలంటే?"

ఆ ఒక్క మాటకే ఆమె మొహంలోకి కాస్త జీవం వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట పోయిన ఒక స్వరకర్త ఉన్నాడట. ఆయన పెద్ద పెద్ద కృతుల్ని ప్రపంచమంతా వాయిస్తుంది. మాస్టారు మాత్రం ఆయన వదిలేసిన చిన్న చిన్న వాటిని పట్టుకుని నలభై ఏళ్లు తిరిగారు. శిష్యుల వేళ్లు సాగడానికి గీకిచ్చిన అరపేజీ నాట్యం, ఉత్తరం వెనక మొదలెట్టి మరిచిపోయిన జోలపాట, సిరా ఒలికి అక్కడితో ఆపేసిన వాల్ట్జ్ అనే జంటనాట్యపు బాణీ. అలాంటివి ముప్పై ఒకటి. కొన్ని ఒక నిమిషం కూడా ఉండవు. సగానికి పైగా అసంపూర్ణం.

"అన్నిట్లోకీ పదిహేడోది అందంగా ఉంటుంది సార్. రెండో పేజీ సగంలో ఆగిపోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి లేచి వెళ్లిపోయినట్టు."

"ఎందుకు ఆపేశాడు?"

"ఎవరికి తెలుసు? ఆకలేసి లేచుంటాడు అని మాస్టారు నవ్వేవారు."

"దాన్ని పూర్తిచెయ్యాలని ఎవరికీ అనిపించలేదా?"

ఆమె తల దించేసుకుంది. "మాస్టారు ఒప్పుకునేవారు కాదు. పోయినవాడి నోట్లో మనం మాటలు పెట్టకూడదు అనేవారు. వాయిస్తూ వాయిస్తూ ఆగిన చోట చేతులు ఎత్తేసేవారు. ఒక్క స్వరం కూడా ముందుకెళ్లేవారు కాదు. ఎప్పుడూ."

"మరి ఆ ఇరవై అయిదు నిమిషాలు?"

ఆమె గోడవైపు తిరిగింది.

"నువ్వు తోశావా అమ్మా?"

"లేదు."

"మరి ఎవరు?"

డిటెక్టివ్ అడిగిందే తిప్పి తిప్పి అడిగాడు. ఆమె గోడతో మాట్లాడుతున్నట్టు గోడవైపే చూస్తూ కూర్చుంది. చివరికి, "ఇంట్లో ఎవరెవరున్నారు?" అన్నాడు.

"నాన్న. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మొన్న రాత్రి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది."

"ఏం చేసేవారు?"

"పనులు మానేసి చాలా ఏళ్లయింది సార్," అందామె, కాస్త తొందరగా.

పదకొండూ ముప్పై అయిదుకి డిటెక్టివ్ దర్జీ ఆవిడ కుట్టు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. పళ్ల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.

"మీ కుర్రాఫీసరుకి అన్నీ చెప్పాను కదండీ."

"ఆయన అడగనివి నాకు చెప్పమ్మా. నాలుగూ ఇరవై అని అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"నాలుగు గంటల వార్తలు అయిదు నిమిషాలొస్తాయి. అవి అయిపోగానే, అప్పటిదాకా గట్టిగా మోగుతున్న రేడియో కట్టేశాను. అప్పుడే పైన పాట మొదలైంది. నాలుగున్నరకి ఒక గౌను ఇవ్వాలి, అందుకని గడియారం చూస్తూనే ఉన్నా. నాలుగూ ఇరవైకి పాట ఆగింది."

"పావుగంటసేపూ ఒకటే పాటా?"

"ఒకటే. మూడు నాలుగుసార్లు వాయించారు. పదేళ్ల నుంచి వింటున్న పాటే." ఆవిడ గుండుసూదులు తీసి దిండులో గుచ్చింది. "కానీ ఒక తమాషా జరిగిందండీ. ఆ పాట ఒక చోటికొచ్చి ఠక్కున ఆగుతుంది. నాకదెంత అలవాటైపోయిందంటే, అక్కడికి రాగానే నా చెయ్యి దానంతటదే దారం తెంపుతుంది. మొన్న దారం తెంపేశా. పాట మాత్రం ఆగలా."

డిటెక్టివ్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "ఆగలేదా?"

"ఇంకా ముందుకెళ్లింది. చక్కగా, ఇంటికొచ్చి కూర్చున్నట్టు ముగిసింది. కుట్టు మధ్యలో దారం తెగింది, మళ్లీ ఎక్కించుకున్నాను. ఇంకోటి కూడా. మాస్టారు వాయిస్తుంటే పాట మధ్యలో 'టక్' మని చెక్క చప్పుడు వచ్చేది. పియానోలో ఒక మెట్టు మూగబోయింది, తీగ తెగిందని ఆయనే చెప్పారు. మూడు నెలలైంది. మొన్న ఆ టక్ లేదు. అక్కడా శుభ్రంగా మోగింది."

డిటెక్టివ్‌కి ఒక లెక్క తట్టింది. ఆగిన చోటు దాటి ఒక్క స్వరం వాయించని మనిషి మాస్టారు. అంటే నాలుగూ అయిదుకి ఆ పియానో ముందు కూర్చున్నది మాస్టారు కాదు. అప్పటికే మాస్టారు కింద పడి ఉండొచ్చు. ఆ సమయానికి పాటల టీచరు వీధిలో నడుస్తూ ఉంది, అంతకుముందు ముప్పై నాలుగు మంది పిల్లల ముందుంది. ఈ లెక్కన అమ్మాయి బయటపడ్డట్టే!

"ఆ చివరి భాగం ఒకసారి పాడతావా అమ్మా?"

ఆవిడ సిగ్గుపడుతూ కూనిరాగం తీసింది. డిటెక్టివ్ ఇంకోసారి అన్నాడు, మరోసారి అన్నాడు. తొమ్మిదోసారికి ఆవిడ, "మీరేమైనా కచేరీ పెడతారా ఏంటండీ?" అని విసుక్కుంది. ఆయనకి సంగీతం బొత్తిగా రాదు. అయినా పట్టు వదల్లేదు, రాగం నోటికొచ్చేదాకా కూర్చుని పన్నెండూ అయిదుకి పైకి వెళ్లాడు.

పైగదికి రెండు తలుపులు. ఒకటి ముందు మెట్ల వైపు, ఒకటి వెనక ఇనపమెట్ల వైపు. వెనక తలుపు గడియ లోపలినుంచి తీసే ఉంది. గోడ పొడవునా అట్టపెట్టెలు, వాటి మీద మాస్టారి చేతిరాతతో అంకెలు. పదిహేడో పెట్టె తెరిచాడు. రెండు పేజీలున్నాయి, ఏదీ పోలేదు. రెండో పేజీ సగం దాకా నల్లటి చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఆ కింద ఖాళీ గీతలు.

పియానో పైమూత ఎత్తి టార్చి వేశాడు. వరసగా తీగలన్నీ మసిబారి ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం అద్దంలా మెరుస్తోంది. అడుగున, కాలితో తొక్కే మీటల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమాడు. గోరంత తీగ ముక్క, చుట్టచుట్టుకుపోయి దొరికింది. కొత్తది.

వెనక నుంచి దూకుడు గొంతు వినిపించింది. "పియానో కింద దేవులాడుతున్నారేంటి సార్?"

డిటెక్టివ్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. తీగ చూపించాడు. దారం సంగతి, టక్ సంగతి, ముగింపు సంగతి ఒక్కటొక్కటే చెప్పాడు. దూకుడు మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని పెదవి విరిచాడు.

"అంటే జడ్జిగారి ముందు దర్జీ ఆవిడ చేత పాట పాడిస్తారా?"

"ఆ పాట మాస్టారు వాయించింది కాదయ్యా!"

"మాస్టారు ఆ రోజు మనసు మార్చుకోకూడదా? చచ్చేరోజు మనిషికి ఏ బుద్ధి పుడుతుందో ఎవరు చెప్పొచ్చారు? తీగంటారా, తెగితే వేయించుకుంటారు. ఇందులో హంతకుడెక్కడున్నాడు సార్? నాకు మనిషిని చూపించండి. మనిషి!"

డిటెక్టివ్‌కి ఆ మాట తగిలింది. వాడన్నదీ తప్పు కాదు. పాటకి వేలిముద్రలుండవు.

"చూపిస్తాను," అన్నాడు చివరికి. "తీగ వేసినవాడు నాలుగింటికి ముందు ఈ గదిలో ఉన్నాడు. వాడు ఏదో ఒకటి చూసే ఉంటాడు."

కిందికి దిగి దర్జీ ఆవిడని అడిగాడు. "మాస్టారి పియానోని శ్రుతి చేసేది ఎవరమ్మా?"

"ఇంకెవరండీ, పాటల టీచరు వాళ్ల నాన్నే. ముప్పై ఏళ్ల నుంచి ఆయనే. సంచి బరువని వెనక మెట్ల మీదుగా వస్తాడు. మొన్న వచ్చాడేమో నేను చూళ్లేదు."

'పనులు మానేసి చాలా ఏళ్లయింది సార్,' అంది ఆ అమ్మాయి.

డిటెక్టివ్ జీపెక్కాడు. దారంతా తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. తండ్రి తీగ వేసి వెళ్లిపోయి ఉంటాడు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చి ఉంటారు. ఎవరొచ్చారో ఆయనకి తెలిసి ఉంటుంది. మాట లేకపోతేనేం, తల ఊపగలిగితే చాలు.

ఒంటిగంట నలభైకి ఆస్పత్రి వార్డులో చివరి మంచం పక్కన నిలబడ్డాడు. సన్నటి ముసలాయన. నోరు ఒక వైపుకి వంకరపోయింది. కుడిచెయ్యి పక్కన పెట్టిన వస్తువులా పడి ఉంది. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది.

"పెద్దాయనా, మొన్న మాస్టారింట్లో తీగ వేశారా?"

కళ్లు ఆయనవైపు తిరిగాయి. అంతే.

"అవునంటే ఒకసారి కళ్లు మూయండి."

మూయలేదు. చూస్తూనే ఉన్నాడు. తల ఊపలేక కాదు, ఊపకూడదని నిశ్చయించుకున్నట్టున్నాడు. డిటెక్టివ్ మూడుసార్లు అడిగాడు, నాలుగోసారి అడగలేకపోయాడు. ఇంకేం చెయ్యాలో తోచక, పక్క మంచాలవాళ్లు చూస్తున్నా సరే అనుకుని, పదిహేడో ముక్క కూనిరాగం తీశాడు. అపశ్రుతులు పోతూనే ఆగిన చోటిదాకా లాక్కొచ్చాడు. ఆగాడు.

దుప్పటి మీద ఎడమ చెయ్యి ఆగలేదు.

అయిదు వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి, లేస్తున్నాయి. తొందర లేదు, తడబాటు లేదు. దర్జీ ఆవిడ పాడిన ముగింపు ఏ నడకలో ఉందో, సరిగ్గా అదే నడక. చివరి స్వరం దగ్గర చిటికెనవేలు దుప్పట్లోకి దిగి అలాగే ఉండిపోయింది. ముసలాయన కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

డిటెక్టివ్ స్టూలు మీద కూలబడ్డాడు. వెతుకుతున్న మనిషి దొరికాడు. దొరకకపోతే ఎంత బావుండేది!

నర్సు వచ్చి, "మీరు ఈయన తాలూకానా? ఆయన సంచి ఎవరికీ ఇవ్వలేదింకా," అని ఒక గుడ్డసంచి ఇచ్చింది. కళ్లజోడు, చేతిరుమాలు, నాలుగు మడతల కాగితం. కాగితం విప్పాడు. ఎప్పుడో నాలుగు ముక్కలుగా చింపింది, జిగురు టేపుతో జాగ్రత్తగా అతికించి ఉంది. గీతల మీద స్వరాలు, పైన ఆడపిల్ల చేతిరాత. 'పదిహేడో ముక్కకి ముగింపు. మాస్టారికి.' పదమూడేళ్ల కిందటి తారీఖు.

దాన్ని జేబులో పెట్టుకుంటే సాక్ష్యం మాయం చేసినట్టు. పైకి తీస్తే ఈ మనిషిని ముంచినట్టు. ఎటూ తేల్చుకోలేక డిటెక్టివ్ అదే మడతల్లో మడిచి, సంచిలోనే పెట్టి, నర్సు చేతికిచ్చేశాడు.

రెండూ ముప్పై అయిదుకి లాకప్ ముందుకొచ్చి కానిస్టేబుల్ని దూరంగా పంపాడు. పాటల టీచరు ఆయన మొహం చూసింది. చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"నాన్న దగ్గరికి వెళ్లారా సార్?"

"వెళ్లానమ్మా. ఆ ముగింపు నువ్వు రాసిందే కదా?"

ఆమె తల ఊపింది. "పందొమ్మిదేళ్లప్పుడు రాశాను. మాస్టారికి చూపిస్తే చదవనైనా చదవకుండా చింపేశారు. నాన్న అక్కడే పియానో బాగుచేస్తున్నాడు. ఆ ముక్కలు ఏరుకొచ్చి అతికించుకున్నాడు. నేను మళ్లీ ఏదీ రాయలేదు. నాన్న మాత్రం ఆ కాగితం చూసి ఆ ఒక్కటీ నేర్చుకున్నాడు."

"అంతకు మూడ్రోజుల ముందు 'మీరు పోయేలోగా ఒక్కసారైనా' అన్నది..."

"వినండి అన్నాను సార్. ఒక్కసారైనా వినండి అని. వినను పొమ్మన్నారు. నేనింటికొచ్చి ఏడిస్తే నాన్న చూశాడు. మొన్న తీగ వేసి, తీగ సరిగ్గా ఉందో లేదో చూస్తానని కూర్చుని, ఇదే వాయించడం మొదలెట్టాడట. ఆగిన చోటు దాటగానే మాస్టారు ఆపమని అరుస్తూ కాగితం లాక్కోబోయారట. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. నాన్న చెయ్యి జారింది. ఆయన వెనక్కి పడ్డారు." ఆమె ఊపిరి తీసుకుంది. "నేను వెళ్లేసరికి నాన్న ఇంకా పియానో ముందే ఉన్నాడు. 'లేవడం లేదు తల్లీ, వాయిస్తే లేస్తాడేమో అనుకున్నా, నాలుగుసార్లు వాయించా' అన్నాడు. వెనక మెట్ల మీదుగా ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టి తిరిగొచ్చాను. అవే మీరడిగిన ఇరవై అయిదు నిమిషాలు. ఆ రాత్రి ఎనిమిదింటికి నాన్నకి మాట పడిపోయింది."

"ఇది హత్య కాదమ్మా. ఉన్నదున్నట్టు చెబుదాం. నేను చెబుతాను."

"జరిగింది చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు పోయారు, ఒకరికి నోరు లేదు. నా చెయ్యి జారింది అని నాన్న ఎలా చెప్పుకుంటాడు? నాకైతే నోరుంది సార్. నేనైతే కనీసం వాదించుకోగలను."

"చెయ్యని దానికి..."

"మీకు దణ్ణం పెడతాను. ఇంక నన్నేమీ అడక్కండి."

అడగడం తప్ప మరో పని చేతకాని డిటెక్టివ్‌కి ఆ మాటతో చేతులు పడిపోయినట్టయింది. బూట్ల చప్పుడైంది. దూకుడు కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండూ యాభై.

"ఇక బయల్దేరదామా?"

పాటల టీచరు లేచి నిలబడింది. "నేనే తోశాను. రాసుకోండి, సంతకం పెడతాను."

"ఆ అమ్మాయి అబద్ధమాడుతోంది!" డిటెక్టివ్ ఒక్క అరుపు అరిచాడు. "నాలుగూ అయిదుకి పియానో వాయించింది ఈమె కాదు, నీకు తెలుసు!"

"మరి ఎవరు సార్?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయన నాలుక చివరే ఉంది. కటకటాల అవతలి నుంచి రెండు కళ్లు ఆయన్నే చూస్తున్నాయి. డిటెక్టివ్ నోరు మూసుకున్నాడు. ఆమె చకచకా చెప్పింది, దూకుడు రాశాడు, ఆమె సంతకం చేసింది. పెన్ను తిరిగిచ్చేటప్పుడు ఆమె మొహంలో, రెండ్రోజుల తర్వాత మొదటిసారి, బరువు దించుకున్న మనిషి నెమ్మది కనిపించింది.

దూకుడు సిరా ఆరేదాకా ఊది, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సార్, మిమ్మల్ని అందరూ చాదస్తం అంటారు గానీ నేనెప్పుడూ అలా అనుకోలేదు. మీరు ఊరికే ఎక్కడికీ వెళ్లరు. ఒంటిగంట నలభైకి ఆస్పత్రికి వెళ్లినట్టు డ్రైవరు జీపు పుస్తకంలో రాశాడు. మీరు వెనక్కి రాగానే ఆస్పత్రి దగ్గరున్న మావాళ్లని లోపలికి పంపాను."

పాటల టీచరు కటకటాలు పట్టుకుంది.

దూకుడు జేబులో ఫోన్ మోగింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "సంచిలోనా? అతికించిన కాగితమా? పైన ఏముంది... చదువు." వింటూ డిటెక్టివ్ వైపు తిరిగాడు. కళ్లు మెరిశాయి. "ఇద్దరూ కలిసే చేశారన్నమాట. తండ్రి పని కానిచ్చాడు, కూతురు దాటించింది. ఒప్పుకోలు కూడా నా జేబులోనే ఉంది."

"సార్," అంది పాటల టీచరు. ఆమె చూస్తున్నది దూకుడిని కాదు. "మీరే చూపించారా?"

డిటెక్టివ్ కటకటాల వైపు ఒక అడుగు వేశాడు.

"ఏంటి? పేషెంటు కదల్లేడా?" దూకుడు ఫోన్లో చిరాకుపడ్డాడు. "కుడిచెయ్యి చచ్చుబడితే ఎడమచెయ్యి ఉందిగా. కదిలే చేతికే బేడీ వేసి మంచానికి తగిలించండి."

డిటెక్టివ్ ఫోన్ లాక్కోబోయాడు. అప్పటికే అవతల పెట్టేశారు.